వేడి మడిలో పొన్నగంటి

అప్పలనరసమ్మ టిఫిన్ డబ్బా మూత తీసింది. అన్నం పక్కన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర. డబ్బాను నా వైపు జరిపి, "తినీ బాబూ, శానా లేతగున్నాది," అంది.

కొన్నేళ్ల కిందటి జనవరి మధ్యాహ్నం. న్యూ టౌన్ అపార్ట్‌మెంట్ల వెనక, ఓ పరిశోధన సంస్థకు చెందిన గడ్డినేల అంచున, పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డు నీడలో కూర్చున్నాం. ఆమె, ఆమెతో పాటు కలుపు తీసే కన్నమ్మ, నేను. ఆ గడ్డినేల మీద ఏళ్లుగా నడుస్తున్న ఒక ప్రయోగం ఫలితాన్ని మర్నాడు పత్రికల వాళ్లను పిలిచి ప్రకటించబోతున్నారు. ఆ ఫలితం ఏమిటో నాకు ముందే తెలుసు. వార్త చాలావరకు రాసేశాను కూడా. అచ్చుకు పోయేముందు ఆ గడ్డి మళ్లను ఒకసారి చూసి, నేను రాసింది సరిగా ఉందో లేదో చూసుకుందామని వచ్చాను.

ఒక ముద్ద తిన్నాను. పొన్నగంటి కూర. ఆ చలికి బజారులో ముదురు కాడలే వస్తున్నాయి. ఇది మాత్రం వెన్నలా ఉంది.

"ఎక్కడ కొన్నావమ్మా? హౌరా బజార్లోనా?"

"కొనడమేటి బాబూ! అదిగో, ఆ ఎలట్రీ పొయ్యిల కింద మడుల్లోది. ఈ సలికి సుట్టూ అంతా ముదిరిపోద్ది. అక్కడ మాత్రం సిగుళ్లు ఏసుకుంటానే ఉంటాది."

ఆమె గడ్డం ఎత్తి చూపించిన వైపు నేను చూడలేదు. చూడనక్కర్లేదు. మర్నాటి ప్రకటన అంతా ఆ పొయ్యిల కింది మళ్ల గురించే. నోట్లో ముద్ద నమలడం ఆపేశాను.

బోర్డు ఎండలో ఉందా, నీడలో ఉందా

నేను ఒక ఇంగ్లీషు దినపత్రికలో విలేఖరిగా చేరి అక్కడే రిటైరయ్యాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఖిదిర్‌పూర్ రేవులో పనికి వచ్చిన మనిషి. ఇంట్లో మా ఊరి తెలుగు, వీధిలో బెంగాలీ, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు రాయడం, చదవడం మా అమ్మ పట్టుబట్టి నేర్పింది కాబట్టి ఇది ఇలా రాయగలుగుతున్నాను. పర్యావరణం వార్తలు నాకు ఎవరూ ఇష్టపడి ఇవ్వలేదు. ఆ రోజుల్లో అవి ఎవరికీ అక్కర్లేని వార్తలు. రేవు వార్తలు, మునిసిపాలిటీ వార్తలు రాస్తూ మిగిలిన చోట్లలో వాటిని రాశాను. తర్వాత ఎండలు ముదిరాయి, వానలు లెక్క తప్పాయి. అవే ముందు పేజీ వార్తలయ్యాయి.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు, సైన్సు చదవకుండా సైన్సు వార్త ఎలా రాయాలని. సైన్సు చదివితే మంచిదే. కానీ నాకు పనికొచ్చిన పాఠం మా న్యూస్ ఎడిటర్ బిమల్‌దా దగ్గర దొరికింది. 'దా', 'దాదా' అంటే బెంగాలీలో అన్న. ఒక వేసవిలో మా సహోద్యోగి ఒకతను పెట్రోలు బంకు ముందున్న బోర్డు మీద మెరుస్తున్న ఉష్ణోగ్రత చూసి, నగరంలో ఎన్నడూ లేనంత ఎండ అని రాసుకొచ్చాడు.

"బోర్డు ఎండలో ఉందా, నీడలో ఉందా?" అని అడిగాడు బిమల్‌దా.

"చూడలేదు దాదా."

"అయితే నువ్వు ఎండ గురించి రాయలేదు. బోర్డు గురించి రాశావు."

అంకె పుట్టే చోటికి వెళ్లి చూడాలి. అక్కడ ఎవరు నిలబడతారు, ఏం తాకుతారు, ఎప్పుడు తప్పుకుంటారు, ఇవన్నీ చూడాలి. చాలామంది విలేఖరులు అంకె పుట్టాక, దాన్ని ముస్తాబు చేసి హాల్లో ప్రవేశపెట్టినప్పుడు మాత్రమే చూస్తారు.

పెట్టె పెట్టినప్పుడు మాట్లాడకూడదు

ఆ గడ్డినేలలో జరిగే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. నేలను చిన్న చిన్న మళ్లుగా విడదీశారు. కొన్నింటిలో ఒకే రకం గడ్డి. కొన్నింటిలో నాలుగైదు రకాలు. కొన్నింటిలో డజనుకు పైగా కలగలిపి నాటారు: గడ్డిజాతులు, చిక్కుడు కుటుంబపు తీగలు, పొన్నగంటి, గలిజేరు వంటి నేలబారు మొక్కలు. సగం మళ్ల మీద విద్యుత్తు హీటర్లు వేలాడదీశారు. చుట్టూ ఉన్న గాలి కంటే ఆ మళ్లు ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉంటాయి. రాబోయే రోజుల వేడిని ఇప్పుడే తెచ్చి పెట్టినట్టన్నమాట.

మొక్క వెలుతురులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటుంది. అదే సమయంలో దాని ఆకులు, వేళ్లు, మట్టిలోని సూక్ష్మజీవులు అదే వాయువును వదులుతుంటాయి. తీసుకున్నది ఎక్కువైతే ఆ నేల కార్బన్‌ను దాచుకుంటున్నట్టు. వదిలింది ఎక్కువైతే గాలికి ఇంకా బరువు కలుపుతున్నట్టు. దీన్ని కొలవడానికి అద్దంలాంటి పెట్టెను మడి మీద బోర్లిస్తారు. లోపలి గాలి ఎలా మారుతోందో యంత్రం చెబుతుంది. ఆ తర్వాత పెట్టె మీద నల్లగుడ్డ కప్పుతారు. మొక్కకు పట్టపగలే చీకటి పడుతుంది. తీసుకోవడం ఆగిపోయి, వదలడం ఒక్కటే మిగులుతుంది.

పెట్టె పెట్టినప్పుడు దగ్గర ఎవరూ ఉండకూడదు. మనిషి ఊపిరి చాలు, అంకె చెడిపోవడానికి. ఒకసారి మా ఫోటోగ్రాఫర్ మంచి ఫోటో కోసం పెట్టె మూయకముందే మీదికి వంగాడు. ప్రయోగం నడిపే మధుమిత, కలుపు తీసేవాళ్లు 'దీదీ' అని పిలిచే ఆవిడ, అంత దూరం నుంచి అరిచింది: "నీ ఊపిరి తీసుకుని అవతలికి పో!" కలుపు తీసేవాళ్లు దాన్ని ఊపిరిపెట్టె అనేవారు. అది పని చేస్తున్నంతసేపూ కన్నమ్మ అంతటి వాగుడుకాయ కూడా నోరు మూసుకునేది.

ఈ ప్రయోగం తేల్చదలచుకున్న ప్రశ్న ఇది. వేడి పెరిగినప్పుడు, ఎక్కువ రకాల మొక్కలున్న నేల తట్టుకుంటుందా? ఒక వేరు పైపైన ఉంటే మరొకటి లోతుకు పోతుంది. ఒకటి ఎండితే మరొకటి నిలబడుతుంది. కాబట్టి తట్టుకోవాలి. వేడి లేని మళ్లలో అలాగే జరిగింది. కలగలుపు మళ్లు ఒంటి గడ్డి కంటే ఎక్కువ కార్బన్ తీసుకున్నాయి. వేడి మళ్లలో మాత్రం ఆ మేలు మాయమైంది. మర్నాడు ప్రకటించబోయేది అదే: వేడెక్కితే వైవిధ్యం కాపాడదు. అది నిజమైతే చేదు నిజం. పైగా పార్కులన్నిటా ఒకే రకం లాన్ పరచాలని చూసేవాళ్లకు మంచి సాకు.

"గడ్డి మేత్తామేటి?"

ముద్ద మింగి, నెమ్మదిగా అడిగాను. "ఎప్పటి నుంచి తెంపుతున్నారమ్మా?"

"మొదటి సలికాలం కాడ్నుంచీ," అంది అప్పలనరసమ్మ.

"అన్ని మళ్లలోనా?"

కన్నమ్మ పకపకా నవ్వింది. "ఒక్క గడ్డే ఉన్న మడిలో కూరేటుంటాది బాబూ? గడ్డి మేత్తామేటి? నానాజాతీ ఏసిన మడుల్లో ఉంటాది. అందులోనూ పొయ్యి కిందవే లేత."

"పీకమన్న కలుపే పీకుతాం," అంది అప్పలనరసమ్మ. "దీదీ నాటిన మొక్క యేరు కదపం. కొనలు గిల్లుతాం, అంతే. గిల్లితే గుబురుగా వొత్తాది కదా. మొక్కకి మేలే."

పెరట్లో అయితే అది అక్షరాలా నిజం. ఆకుకూర గిల్లని ఇల్లాలిని చేతకానిదంటారు మా వైపు. కానీ ఇక్కడ ఆకు అంటే కూర కాదు, కార్బన్ తీసుకునే నోరు. అది కూడా వేడీ కలగలుపూ రెండూ ఉన్న మళ్లలోనే తగ్గిపోతోంది. మర్నాడు ప్రకటించే ఫలితం సరిగ్గా ఆ మళ్లే బలహీనమని చెబుతోంది.

దాచలేదు. ఇది ఎందుకు పెద్ద విషయమో ఇద్దరికీ విడమరిచి చెప్పాను. కన్నమ్మ నవ్వు ఆగిపోయింది. నా మీద కాదు, అప్పలనరసమ్మ మీద విరుచుకుపడింది.

"నీకు నోరు ఊరుకోదు కదే! పేపరాయనికి కూర ఎట్టి మరీ సెప్పాలేటి? రేపు కంట్రాక్టరు ఇద్దర్నీ గెంటీగలడు. షాలిమార్ గేటు కాడ కూకుని ఏరుకో అప్పుడు, పొన్నగంటి!"

అప్పలనరసమ్మ డబ్బా మూత పెట్టేసింది. ఆమె ఇల్లు షాలిమార్ గూడ్సు యార్డు పక్కన. భర్త మునిసిపాలిటీ చెత్తబండి పని నుంచి దిగిపోయాక, ఆ ఇంటికి నెలనెలా వచ్చేది ఈమె కూలి ఒక్కటే. ఉదయమే హౌరా వెళ్లి, అక్కడ బస్సు పట్టుకుని నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వస్తుంది. ఆ పని కూడా కాంట్రాక్టరు నోటిమాట మీద నిలిచింది. కాగితం లేదు.

"పని పోతాదా బాబూ?"

"తెలీదమ్మా," అన్నాను.

ఇలాంటి చోట ఓదార్పు మాట చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. మన చేతిలో లేనిదాన్ని ఇస్తామనడం కంటే పెద్ద మోసం ఈ వృత్తిలో లేదు.

మొదటి పేజీ ఆశ

షెడ్డు వెనక్కి వెళ్లి బిమల్‌దాకు ఫోన్ చేశాను.

"దాదా, రేపటి గడ్డి వార్త ఆపాలి."

"దాని చోటు పేజీలో కట్టేశాను. ఎందుకు ఆపాలి?"

చెప్పాను. అటువైపు నుంచి పెద్దగా నవ్వు.

"ఆరే బాబా! ప్రయోగాన్ని వండుకు తిన్నారా? ఇది లోపలి పేజీ కాదు, మొదటి పేజీ. ఆ ఆడవాళ్లు, చేతిలో డబ్బా, వెనక హీటర్లు. ఫోటోగ్రాఫర్‌ను పంపుతున్నా, కదలకుండా కూర్చోబెట్టు."

"పంపొద్దు దాదా."

"ఏం?"

"గిల్లడం వల్లే అంకె పడిపోయిందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. ఫోటో పడితే వాళ్ల పని పోవడం మాత్రం ఖాయం."

"నువ్వు విలేఖరివా, వాళ్ల యూనియన్ లీడరువా?"

"నేనూ ఒక ముద్ద తిన్నాను."

"అయితే నీ ఫోటో కూడా వేస్తాం. సాయంత్రం దాకా టైమిస్తున్నా. అప్పటికి నీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఇదే వార్త."

బిమల్‌దా దగ్గర నేను నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన ఎండ గురించి కాదు, బోర్డు గురించి ఆలోచించాడు. మంచి ఎడిటరుకు కూడా ఆకలి ఉంటుంది. ఆకలి మీద ఉన్నప్పుడు ఆయన చెప్పింది ఆజ్ఞ అనుకోకూడదు. వాదించాలి. వాదిస్తే గౌరవం తగ్గుతుందనుకునేవాళ్లు ఈ పనికి రావద్దు.

పొయ్యిల కింద

మధుమిత గదిలో మర్నాటి ప్రకటన తెర మీద ఉంది. రంగురంగుల గీతలు. వేడి కలగలుపు మళ్ల గీత కిందికి దిగిపోయి ఉంది.

"రావ్‌దా, టీ తాగుతారా?" అని అడిగింది నన్ను.

"తర్వాత. వేడి మళ్లలో ఆకుకూర మొదటి చలికాలం నుంచీ గిల్లుతున్నారు. మిగతా మళ్లలో దాదాపు లేదు."

ఆమె ముఖంలో రంగు మారింది. "ఎవరు?"

"ముందు మడి చూద్దాం."

"ఎవరు, రావ్‌దా?"

నేను చెప్పకపోయినా ఒకటే. మళ్ల మధ్య వేసిన పలకల మీద అడుగుపెట్టే అనుమతి కొలతలు తీసేవాళ్లకూ, కలుపు తీసేవాళ్లకూ తప్ప ఎవరికీ లేదు. పేరు దాచడం గొప్ప విలువే కానీ, ఇద్దరే ఉన్న చోట అది పనికిరాదు.

ఆమె విసురుగా బయటికి నడిచింది. హీటరు కింద గొంతుక్కూర్చుని పొన్నగంటి కాడను వేళ్ల మధ్య పట్టుకుంది. కొన లేదు. కొన పోయిన చోట రెండు పిలకలు వచ్చాయి. ఆ పిలకల కొనలూ లేవు. మరో మొక్క, మరొకటి. తర్వాత హీటరు లేని కలగలుపు మడికి వెళ్లింది. అక్కడ కాడలు ముదురుగా, నిలువుగా, ముట్టని కొనలతో ఉన్నాయి.

"కొమ్మలు ఇన్ని రావడం వేడి వల్ల అనుకున్నాం," అంది నాతో కాదు, మొక్కతో. "అలాగే రాశాం."

షెడ్డు దగ్గర ఆ ఇద్దరూ లేచి నిలబడి ఉన్నారు. మధుమిత ఫోన్ తీసి కాంట్రాక్టరు నంబరు వెతుకుతూ వాళ్ల దాకా వెళ్లింది.

"నానే గిల్లినాను దీదీ," అంది అప్పలనరసమ్మ, తెలుగు కలిసిన తన బెంగాలీలో. "కన్నమ్మ కాదు."

"అబద్ధం దీదీ," అంది కన్నమ్మ. "దానికంటే నానే ఎక్కువ గిల్లినాను. దానికి నడుం వంగదు."

ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్లం. మధుమిత బొటనవేలు నంబరు మీద ఉంది.

"ఒక్క మాట నాకు చెప్పి ఉండాల్సింది కదా! ఇన్నేళ్ల పని ఇది. నన్ను అడగకుండా నా మడిలో చెయ్యి ఎలా పెట్టారు?"

అప్పలనరసమ్మ తల దించుకుని ఉంది. తల ఎత్తకుండానే అంది: "కాళీపూజ ముందురోజు మీకు పద్నాలుగు శాకాలు నానెక్కడ్నుంచి తెచ్చినాననుకున్నారు దీదీ?"

కాళీపూజకు ముందురోజు బెంగాలీ ఇళ్లలో పద్నాలుగు రకాల ఆకులు కలిపి వండుకు తినడం ఆచారం. ఈ గడ్డినేలలో పనిచేసేవాళ్లు కూడా ఏటా ఆ రోజు షెడ్డులో కలిసి వండుకునేవారు. చుట్టుపక్కల దొరికింది కోసుకురమ్మని అప్పలనరసమ్మకే చెప్పేవారు. కొలతలు తీసే వాళ్లకూ, లెక్కలు కట్టే వాళ్లకూ అందరికీ ఆకు తెచ్చిపెట్టింది ఆమే. ఎక్కడి ఆకు అని ఏ ఒక్కరూ అడగలేదు. ఊపిరి తగలకుండా పక్కకు తప్పుకునే మనుషులే, ప్రయోగాన్ని పళ్లెంలో పెట్టుకుని తిన్నారు. పండగ వంట కాబట్టి అది ఎవరి బుర్రకూ తట్టలేదు.

మధుమిత ఫోన్ దించింది.

"నేను రెండుసార్లు వడ్డించుకున్నాను," అంది చివరికి.

ప్రకటన

ఆ సాయంత్రం ఆమె పాత కొలతలన్నీ మళ్లీ తెరిచింది. పక్కన కూర్చోనిచ్చింది. వెలుతురులో తీసిన కొలతలే పడిపోయాయి. నల్లగుడ్డ కప్పి తీసినవి పెద్దగా మారలేదు. అంటే మట్టి, వేళ్లు వదిలేది వదులుతున్నాయి. ఆకు తీసుకునేది తగ్గింది. ఆకు గిల్లితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. కానీ వేడికి ఆకు నీరసపడినా ఇలాగే ఉంటుంది. గిల్లిన కూర ఎంతో ఎవరూ తూచలేదు కాబట్టి, ఆ రెంటినీ విడదీసే దారి లేదు.

ఆమె పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన గొంతు గదిలో నాకూ వినిపించింది. "ఫలితం లేదని చెప్పడానికి పత్రికల వాళ్లను పిలుస్తామా?"

"పిలిచేశాం కదా సర్. వస్తారు," అంది.

బిమల్‌దాకు ఫోన్ చేసి, మర్నాడు ఆమె ఏం చెబుతుందో అదే మన వార్త అన్నాను. తిట్టాడు. ఒప్పుకున్నాడు.

మర్నాడు హాల్లో మధుమిత వేడి కలగలుపు మళ్ల గీతను తెర మీద నుంచి తీసేసి నిలబడింది. "ఈ మళ్లలోని ఆకుకూరను మేమూ, మాతో పనిచేసేవాళ్లూ తిన్నాం. అందుకని వీటి గురించి ఈరోజు ఏమీ చెప్పలేం," అంది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. 'మేమూ' అన్న ఆ మాట ముందు వచ్చింది కాబట్టి, తర్వాత వచ్చినవాళ్ల మీద నింద నిలవలేదు. ఆ మాట ఆమె వరసలోనే నా వార్తలో రాశాను. డెస్కులో దాన్ని తిరగేసి 'పనివాళ్లు తిన్నారు' అని ముందుకు తెచ్చారు. కూర్చుని మళ్లీ వెనక్కి తిప్పించాను. వార్త లోపలి పేజీలో పడింది. ఫోటో పడలేదు.

కాంట్రాక్టరు పేపరు చూసి మధుమితకు ఫోన్ చేశాడట, ఎవరెవరు తిన్నారో పేర్లు చెప్పండి, తీసేస్తానని. "ముందు నా పేరు రాసుకోండి," అందట. ఇద్దరి పనీ అప్పటికి నిలిచింది.

కొత్తవాళ్లకు ఒక మాట. పని చేసేవాళ్లతో కూర్చుని తినండి, హాల్లో చెప్పనివి అక్కడ తెలుస్తాయి. కానీ వాళ్లు మీకు అన్నం పెట్టింది అతిథి అని. వార్త కోసం కాదు. ఆ రెంటికీ మధ్య మీరు ఎటు నిలబడతారో డబ్బా మూత తీయకముందే తేల్చుకోవాలి. తర్వాత తేల్చుకునే సమయం ఉండదు. నాకు ఒక మధ్యాహ్నం దొరికింది. అదీ అదృష్టమే.

ఇప్పుడు

గడ్డినేల గట్టు పక్కన ఒక చాలు కూరకని విడిగా వదిలారు. కాళీపూజ ఆకులూ అక్కడివే. మళ్లలో ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. ఆ తర్వాతి చలికాలాల్లో వేడి కలగలుపు మళ్లు బాగా దట్టమయ్యాయి. వెలుతురు కొలతలు పైకి లేచాయి. వైవిధ్యం కాపాడుతుందని అప్పుడే రాసేసేవాణ్ణేమో, నేను రిటైరై ఉండకపోతే.

అయితే వానలకు ముందు వచ్చిన ఎండల్లో నల్లగుడ్డ కింది కొలతలు కూడా పైకి లేచాయి. దట్టమైన మడి ఎక్కువ తీసుకుంటోంది, ఎక్కువ వదులుతోంది. ఏడాది మొత్తం కలిపితే ఆ నేల కార్బన్‌ను దాచుకుంటోందా, వదిలేస్తోందా అని మొన్న మధుమితను అడిగాను. ఇంకా కొన్నేళ్లు కొలిస్తే తప్ప చెప్పలేనంది.

హీటర్లకు విద్యుత్తు ఈ వానాకాలం చివరి వరకే మంజూరైంది. అప్పలనరసమ్మ, కన్నమ్మల పనీ అంతవరకే. ప్రయోగాన్ని కొనసాగించాలని సంస్థ పెట్టుకున్న అభ్యర్థనకు ఇది రాసే నాటికి జవాబు రాలేదు.